తోడు వెళ్ళినవాళ్ళు నోరు విప్పాలి

ఆసుపత్రికి తోడు వెళ్ళడమంటే కారు నడపడం, సంచి పట్టుకోవడం, ఫ్లాస్కులో టీ తీసుకెళ్ళడం అని మనలో చాలామంది అనుకుంటారు. అవన్నీ కావాలి. కాని ఎమర్జెన్సీలో అంతకంటే పెద్ద పని ఒకటి మీ మీద పడుతుంది. జబ్బుమనిషి దాచిపెట్టేది మీరు చెప్పాలి.

ఇక్కడ దక్షిణాఫ్రికా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముందు వచ్చినవాళ్ళను ముందు చూడరు. మొదట ఒక సిస్టర్ నాడి, ఊపిరి, బీపీ, జ్వరం చూస్తుంది. నడవగలరా, స్పృహ ఎలా ఉంది అని గమనిస్తుంది. తరువాత ఒక రంగు ఇస్తుంది. ఎరుపు అయితే వెంటనే లోపలికి. ఆరెంజ్ అయితే 10 నిమిషాల్లో, పసుపు అయితే గంటలో, ఆకుపచ్చ అయితే 4 గంటల్లో డాక్టరు చూడాలని లెక్క. జనం ఎక్కువైన రాత్రి ఆ లెక్క నిలవదనుకోండి, అది మీకూ తెలుసు.

ఈ రంగు అంకెలతో మాత్రమే రాదు. ఛాతీ నొప్పి అని చెబితే, అంకెలు బాగున్నా ఆరెంజ్ ఇవ్వాలి. మన ఆడవాళ్ళు ఆ ఒక్క మాట చెప్పరు.

జూన్‌లో ఒక రాత్రి నా స్నేహితురాలిని తీసుకెళ్ళాను. నాకంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను. దవడ లాగుతోందని, ఛాతీ మీద బండ పెట్టినట్టుందని దారి పొడుగునా చెప్పింది. అంత చలిలో జాకెట్టు చెమటతో తడిసిపోయింది. సిస్టర్ అడిగేసరికి, "కొంచెం గ్యాసమ్మా, అంతే. పాపం, ఆ పిల్లవాణ్ణి ముందు చూడండి" అంది.

"అక్కా, కారులో చెప్పింది చెప్పు" అన్నాను. నా వైపు కోపంగా చూసింది. ఇక నేనే చెప్పాను: నొప్పి ఏడు గంటలకు మొదలైంది, రెండుసార్లు వాంతి అయింది, చాలా ఏళ్ళుగా షుగర్ ఉంది. వెంటనే ఈసీజీ తీశారు. గుండెపోటే.

షుగర్ ఉన్నవాళ్ళకు గుండెపోటు నొప్పి లేకుండా కూడా రావచ్చు. ఆయాసం, వాంతి, నీరసం మాత్రమే కనిపించవచ్చు. వాటిని కూడా చెప్పండి.

ఈ దాచే అలవాటు ఎక్కడిది? నాటాల్ చెరుకు తోటల్లో ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. ఒళ్ళు బాగాలేదని చెప్పకూడదని మన ముత్తవ్వలు అక్కడే నేర్చుకున్నారేమోనని నాకు అనిపిస్తుంది.

మెడికల్ ఎయిడ్ లేదని ఎవరైనా ఇంట్లో ఆగిపోతే వాళ్ళకు ఇది చెప్పండి. అత్యవసర చికిత్స ఎవరికీ నిరాకరించకూడదని మన రాజ్యాంగం 27వ సెక్షన్‌లో ఉంది. 2003 ఆరోగ్య చట్టం ప్రకారం ప్రైవేటు ఆసుపత్రి కూడా కాదనకూడదు. అంబులెన్స్‌కు 10177, సెల్‌ఫోన్ నుంచి 112.

ఇంకొకటి, చీటీ. మందుల పేర్లు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ మందు పడదు, ఇవన్నీ రాసి పెట్టండి. అక్క చీటీ ఇప్పుడు ఫ్రిజ్ మీద అంటించి ఉంది. పిల్లవాడి ముందు తనను వరుస దాటించానని నా మీద కోపం మాత్రం ఇంకా పోలేదు.