టీకా లెక్కలో మన రక్తం ఉందా? ఉంటే ఎవర్ని అడిగి పెట్టారు?



జల్, జంగల్, జమీన్. ఈ మూడింటి గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం, ఇంకా మాట్లాడుతూనే ఉంటాం. ఈరోజు నాలుగో దాని గురించి చెప్పాలనుకుంటున్నా. అది మన ఒంట్లో పారే రక్తం, ఆ రక్తంలోంచి తీసి కంప్యూటర్లో దాచే సమాచారం. భూమికి పట్టా అడుగుతున్నాం. మరి ఈ సమాచారానికి పట్టాదారు ఎవరు?

కొంచెం సైన్స్ ఉంటుంది. ఓపిగ్గా చదవండి, కష్టమేం కాదు.

మన ఒంట్లోకి మలేరియానో, టీబీనో వచ్చిందనుకోండి. రోగనిరోధక వ్యవస్థ ఆ క్రిమిని మొత్తంగా చూసి గుర్తుపట్టదు. దాని ఒంటిమీది ఒక చిన్న ముక్కని చూసి పట్టేస్తుంది. సంతలో అంతమంది జనంలో ఒక మనిషిని చెవిపోగు చూసి గుర్తుపట్టినట్టు. ఆ చిన్న ముక్కని ఎపిటోప్ అంటారు. టీకా తయారుచేసేవాళ్ళు వెతికేది దీన్నే. ఏ ముక్కని ముందే చూపిస్తే ఒళ్ళు జాగ్రత్తపడుతుంది అని.

ఒకప్పుడు దీనికి ల్యాబులో ఏళ్ళు పట్టేది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడ ఏ పరిశోధనలో ఏ ముక్క దొరికినా ఒకచోట చేర్చి పెడుతున్నారు. దాని పేరు ఇమ్యూన్ ఎపిటోప్ డేటాబేస్, పొట్టిగా ఐఈడీబీ. అమెరికా ప్రభుత్వ డబ్బుతో కాలిఫోర్నియాలోని లా జోల్లా ఇన్‌స్టిట్యూట్ దాన్ని నడుపుతోంది. అందులో పది లక్షలకు పైగా ఎపిటోపులున్నాయి. పైసా కట్టక్కర్లేదు, ఫోన్లో కూడా తెరవచ్చు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ సంస్థవాళ్ళే ఇందులో పాత సార్స్ వైరస్ వివరాలు తీసి కొత్త వైరస్‌తో పోల్చారు. ఒళ్ళు ఏ ముక్కల్ని పట్టుకోవచ్చో మార్చి నెలకల్లా అంచనా కట్టి ప్రచురించారు. లోకం ఇంకా లాక్‌డౌన్‌లోకి వెళ్తున్న రోజులవి. అంత పనికొచ్చే వస్తువు ఇది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

క్రిమి ముక్కని పట్టుకుని మన రక్షణ కణాలకి చూపించే ప్రొటీన్లు మన ఒంట్లో ఉంటాయి. వాటిని హెచ్‌ఎల్‌ఏ అంటారు. చేటలో గింజలు పోసి చూపించినట్టు, ఇవి ముక్కని పైకెత్తి చూపిస్తాయి. అయితే ఈ చేట అందరికీ ఒకటి కాదు. ప్రపంచంలో ముప్పై వేలకు పైగా హెచ్‌ఎల్‌ఏ రకాలు నమోదయ్యాయి. ఒక రకం పట్టుకునే ముక్కని ఇంకో రకం పట్టుకోలేకపోవచ్చు. ఏ జనంలో ఏ రకం ఎక్కువ అనేది వాళ్ళ పుట్టుక, పెళ్ళిళ్ళ మీద ఆధారపడి ఉంటుంది. మనం గట్టు, గోత్రం చూసుకుంటాం గానీ తరతరాలుగా సంబంధాలు కలుపుకున్నది ఎక్కువగా తెగ లోపలే. కాబట్టి మన లెక్క పట్నం లెక్కలాగే ఉంటుందని ఎవరూ ముందే అనుకోకూడదు.

ఐఈడీబీలో ఒక లెక్కల పనిముట్టు ఉంది. మీరు ఎంచుకున్న ముక్కలు ఫలానా జనంలో ఎంత శాతం మందికి పనిచేయొచ్చో చెబుతుంది. జనాన్ని మీరే ఎంచుకోవాలి. దేశం పేరు పెట్టొచ్చు, జాతి పేరు పెట్టొచ్చు. ఆ వెనకాల ఉండేది వేరే డేటాబేస్‌లో చేరిన హెచ్‌ఎల్‌ఏ వివరాలు. అందులో మన దేశం నుంచి కొన్ని సముదాయాలున్నాయి. ఆంధ్రప్రదేశ్ గొల్లవాళ్ళు ఉన్నారు, ఖాందేశ్‌లోని పావ్రా ఆదివాసులు ఉన్నారు. కానీ దేశంలో ఏడు వందలకు పైగా షెడ్యూల్డ్ తెగలున్నాయి. "ఇండియా" అని నొక్కితే ఒక్క అంకె వస్తుంది. ఎవరి రక్తం ఆ లెక్కలోకి వెళ్ళిందో వాళ్ళ గురించే ఆ అంకె మాట్లాడుతుంది. మిగతావాళ్ళు అందులో లేరు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. దీనర్థం ఇప్పుడున్న టీకాలు మనకి పనిచేయవని కాదు. ఇప్పుడు పిల్లలకి వేస్తున్న టీకాల్లో ఎక్కువభాగం క్రిమిని మొత్తంగానో, దాని పెద్ద ప్రొటీన్‌నో చూపిస్తాయి. ఏ చేట ఉన్నా ఏదో ఒక ముక్క దొరుకుతుంది. కాబట్టి టీకాలు వేయించండి, మానకండి. నా భయం రేపటి టీకాల గురించి. నాలుగైదు ముక్కలు మాత్రమే ఏరి చేసే టీకాలు వస్తున్నాయి. ఆ ఏరడం దగ్గర మనం లేకపోతే, వేసుకున్నాక మనకి తెలుస్తుంది.

"అయితే రక్తం ఇవ్వండి, డేటాబేస్‌లో చేరండి" అని మీరనుకోవచ్చు. అంత తేలిగ్గా నేను అనలేను. ఎందుకో మన ఖమ్మం జిల్లావాళ్ళకి బాగా తెలుసు.

2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికాకి చెందిన పాత్ అనే సంస్థ, ఐసీఎంఆర్ కలిసి చేసిన అధ్యయనం అది. సుమారు 14 వేలమంది పిల్లలు. అందులో చాలామంది మన ఆశ్రమ పాఠశాలల, హాస్టళ్ళ పిల్లలు. ఆంధ్రప్రదేశ్, గుజరాత్ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. టీకా వల్ల కాదని విచారణ కమిటీ చెప్పింది. ఆ టీకా మంచిదే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ఆపుతుంది కూడా. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ఏం చెప్పిందో చూడండి. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. అమ్మానాన్న బతికే ఉన్నారు, ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళని అడగడానికి గూడెం దాకా నడవడం ఎవరికీ కుదరలేదు.

ఇది మనకే జరగలేదు. అమెరికాలో హవసుపాయ్ అనే ఆదివాసీ తెగ ఉంది. 1990 నుంచి షుగర్ జబ్బు పరిశోధన అని చెప్పి వాళ్ళ రక్తం తీసుకున్నారు. తర్వాత అదే రక్తాన్ని మానసిక వ్యాధుల మీద, వాళ్ళు ఎక్కడినుంచి వలసొచ్చారన్న దాని మీద వాడారు. వాళ్ళు కోర్టుకి వెళ్ళారు. 2010లో అరిజోనా విశ్వవిద్యాలయ పాలకమండలి రాజీకొచ్చి ఏడు లక్షల డాలర్లు కట్టింది, మిగిలిన రక్తాన్ని తిరిగిచ్చేసింది. రక్తం తిరిగి తెచ్చుకున్నారు మిత్రులారా, గుర్తుపెట్టుకోండి.

ఇదంతా విన్నాక కొందరు మిత్రులు "అసలు ఎవ్వరికీ ఒక్క చుక్క ఇవ్వొద్దు" అంటారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఆ మాట ఒప్పుకోను. కుష్టు మందుల్లో డాప్సోన్ అనే బిళ్ళ ఉంటుంది. కొద్దిమందికి అది పడదు. జ్వరం, దద్దుర్లు వచ్చి కాలేయం దెబ్బతింటుంది, ప్రాణం కూడా పోవచ్చు. బి 13:01 అనే హెచ్‌ఎల్‌ఏ రకం ఉన్నవాళ్ళకి ఈ ప్రమాదం ఎక్కువని 2013లో చైనాలో తేల్చారు. ఆ తర్వాత అక్కడ ముందే పరీక్ష చేసి, ఆ రకం ఉన్నవాళ్ళకి ఆ బిళ్ళ ఇవ్వకుండా చూస్తే అలాంటి కేసు ఒక్కటీ రాలేదు. మన దేశంలో ఈ రకం 1 నుంచి 12 శాతం దాకా ఉండొచ్చని, సముదాయాన్ని బట్టి మారుతుందని అదే పరిశోధన చెప్పింది. మరి మన తెగలో ఎంత? కుష్టు మన గూడేల్లో ఇంకా పోలేదు. ఆ అంకె మనకి కావాలి. తలుపు మూసుకుంటే నష్టం మనకే.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. మన వివరాలు చేరాక, "ఆదివాసుల జన్యువులే బలహీనం, అందుకే టీబీ వస్తోంది" అనే మాట మొదలవుతుంది. దానికి జవాబు జార్ఖండ్‌లో దొరికింది. 2019 నుంచి 2022 దాకా నాలుగు జిల్లాల్లో టీబీ రోగుల ఇళ్ళలోని వాళ్ళకి నెలకి మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ బిళ్ళలు ఇచ్చి చూశారు. ఆ ఇళ్ళలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. పప్పూ బియ్యం మిత్రులారా! హెచ్‌ఎల్‌ఏ లెక్కలు వెయ్యండి, కానీ ముందు మా కంచంలో ఏముందో చూడండి అని మనం అడగాలి.

ఇది ఎప్పటికో వచ్చే సంగతి కూడా కాదు. 2023 జులై నుంచి సికిల్ సెల్ మిషన్ కింద ఆదివాసీ ప్రాంతాల్లో 7 కోట్లమందికి పరీక్షలు చేయాలని పెట్టుకున్నారు. ఆ పరీక్ష చేయించుకోండి, మన పిల్లల కోసమే అది. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు కింద దాదాపు పదివేలమంది జన్యు వివరాలు 2025 జనవరిలో పరిశోధకులకి అందుబాటులోకి తెచ్చారు. అందులో ఆదివాసీ సముదాయాలూ ఉన్నాయి. అంటే బండి కదిలింది. మనం దాంట్లో సరుకులా వెళ్తామా, పగ్గం మన చేతిలో కూడా ఉంటుందా అన్నదే తేలాలి.

నేను అడగమనేది ఇవి.

ఒకటి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లోనే రాసుంది: ఆదివాసులకి ప్రత్యేకంగా మేలు ఉంటేనే వాళ్ళ మీద పరిశోధన చేయాలి, పెద్దల్ని సంప్రదించి, భాష తెలిసినవాళ్ళ సమక్షంలో అంగీకారం తీసుకోవాలి. ఇది కాగితం మీద ఉంది, దీన్ని గ్రామసభ దాకా తేవాలి. మనిషి ఒప్పుకోలుతో పాటు గ్రామసభ తీర్మానం కూడా ఉండాలి. కోయ, గోండి, కువి, సవర, ఏ భాష మాట్లాడే ఊరైతే ఆ భాషలో చెప్పాలి. వార్డెన్ సంతకం చెల్లదు.

రెండు. రక్తం తీసేటప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. దేనికి? మిగిలింది ఎక్కడ పెడతారు? ఇంకెవరికి ఇస్తారు? ఫలితం మా ఊరికి ఎప్పుడొచ్చి చెబుతారు? జవాబు చెప్పలేనివాళ్ళకి చెయ్యి చాపక్కర్లేదు.

మూడు. మన వివరాలు ఎవరు వాడుకోవచ్చో తేల్చే కమిటీల్లో మనవాళ్ళు కూర్చోవాలి.

నాలుగోది మీకే చెబుతున్నా, బీఎస్సీ, ఫార్మసీ, నర్సింగ్ చదివే చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ. ఐఈడీబీ తెరవండి. మలేరియా అని వెతకండి. ఆ పనిముట్టులో జనాల జాబితా చూసి మీ తెగ పేరు ఉందో లేదో రాసుకోండి. ఆ డేటాబేస్‌కి తాళం లేదు, ఫీజు లేదు, సిఫార్సు అక్కర్లేదు. కంప్యూటర్ చెప్పేది అంచనా మాత్రమే, ల్యాబులో రుజువు కావాలి. కానీ ప్రశ్న అడగడానికి ల్యాబు అక్కర్లేదు. రేపు మన గూడేనికి వచ్చే పరిశోధకుడి ముందు, అతను మాట్లాడే భాష తెలిసిన మన పిల్ల ఒకత్తి నిలబడాలి.

మీ ఊళ్ళో ఇలా రక్తం తీసుకుని మళ్ళీ కనిపించని వాళ్ళెవరైనా ఉంటే, ఏ సంవత్సరం, ఏం చెప్పి తీసుకున్నారో రాసి ఉంచండి. వచ్చే గ్రామసభలో ఆ కాగితం బల్ల మీద పెడదాం.

జై ఆదివాసీ! జోహార్!