గోధుమల తూము దగ్గర జాన్సన్

మాట వినని దేశాన్ని వర్తకంతో దారికి తెచ్చుకోవడం ట్రంప్ కనిపెట్టిన విద్యేమో అన్నట్టు మాట్లాడుతున్నారు. రష్యా చమురు కొంటున్నామని 2025 ఆగస్టులో మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచి, భీమవరం రొయ్యల రైతును దిక్కులు చూసేలా చేసిన నాటి నుంచీ ఇదే పాట. మా తరం వాళ్లు కూడా ఇదే అంటుంటే నాకు నవ్వొస్తుంది. ఆ విద్య పెట్టిన తిండి తిని పెరిగినవాళ్లమే కదా మనం!

1954లో ఐసెన్‌హోవర్ సంతకం చేసిన పీఎల్-480 చట్టం పుట్టిందే అమెరికా గిడ్డంగుల్లో పేరుకుపోయిన మిగులు పంటకు దారి చూపడానికి. డాలర్లు లేని మనం రూపాయలిచ్చి గోధుమలు తెచ్చుకునేవాళ్లం. ఆ రూపాయల్లో కొంత పెట్టి అమెరికా విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలకు తెలుగు పుస్తకాలు కూడా కొన్నారు. ఇక్కడ దొరకని పాత నవల అక్కడి అరల్లో కనిపిస్తే ఆశ్చర్యపోకండి. బడిలో మాకు పెట్టిన 'కేర్' సంస్థ ఉప్మా కూడా ఆ చట్టం చలవే. పసుప్పచ్చగా, ముద్దగా, నూనె వాసనేస్తూ ఉండేది. సంచుల మీద చేతులు కలిపిన బొమ్మ. ఆ సంచి గుడ్డతో నిక్కరు కుట్టించుకున్న మా తరగతి కుర్రాడికి బొమ్మ సరిగ్గా వెనకవైపు పడింది.

1965లో పాత ఒప్పందం గడువు తీరింది. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ వానలు మొహం చాటేశాయి. సరిగ్గా అప్పుడే అధ్యక్షుడు జాన్సన్ తూము తాళం తన జేబులో వేసుకున్నాడు. దీర్ఘకాల ఒప్పందం ఊసే లేదు, నెలకింతని విడుదల, అదీ ఆయన సరేనంటేనే. వ్యవసాయం మీద డబ్బు పెట్టండన్న షరతును నేను తప్పుపట్టను. మన ఆహార మంత్రి సి. సుబ్రహ్మణ్యం కోరుకున్నదీ అదే, 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం తెప్పించిందీ ఆయనే. కానీ వియత్నాం మీద బాంబులు ఆపమని ప్రధాని ఇందిర అన్నందుకు ఓడలు ఆలస్యమైతే, దాన్ని ఏ సంస్కరణ ఖాతాలో వేద్దాం? పోప్, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఊ థాంట్ కూడా అదే అంటున్నారుగా అంటే, వాళ్లకు మన గోధుమలు అక్కర్లేదుగా అన్నాడట జాన్సన్.

మనం ఎలాగో గట్టెక్కాం. బంగ్లాదేశ్‌కు ఆ అదృష్టం లేకపోయింది. 1974లో అది క్యూబాకు జనపనార సంచులు అమ్మింది. క్యూబాతో వర్తకం చేసే దేశానికి పీఎల్-480 కింద తిండి ఇవ్వకూడదని నిబంధన. ఒకపక్క వరదలు ముంచెత్తి జనం ఆకలితో చస్తుంటే, ఢాకా ఆ అమ్మకం ఆపేదాకా అమెరికా తిండి సాయం ముందుకు కదల్లేదు. ఆ కరువుకు వేరే కారణాలూ ఉన్నాయి, నిజమే. అయినా సంచుల కోసం తిండి ఆపడాన్ని నేను క్షమించలేను.

అంతకు మూడేళ్ల ముందు, 1971 డిసెంబరులో బంగ్లా యుద్ధమప్పుడు నిక్సన్ మనకు సాయం నిలిపేశాడు. ఢిల్లీ వెనక్కి తగ్గలేదు. అప్పటికి మన గోదాముల్లో మన గోధుమలే ఉన్నాయి. రొయ్యల విషయంలోనూ ఇప్పుడు చూడాల్సింది అదే, ఒక్క దేశం మీద ఆధారపడకుండా నిలబడటం. వాషింగ్టన్‌లో బేరసారాలకు వెచ్చించే ఓపికలో సగం యూరప్, జపాన్ కొనుగోలుదారుల మీదా, ఇంకో పాతిక మన ఊళ్లలోనే రొయ్య అమ్ముకునే ఏర్పాట్ల మీదా పెట్టమని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు రెండింటినీ అడుగుతున్నాను.