నోరు తిరగనిది ఎవరికి?

మన పిల్లవాడు బడిలో 'భూమి'ని 'బూమి' అంటే తరగతంతా నవ్వుతుంది. 'ముఖం' అనడానికి 'మొగం' అంటే పంతులు నవ్వుతాడు. 'యాభై'ని 'యాబై' అన్నాడని వెక్కిరిస్తారు. వీళ్ళకు నోరు తిరగదట! ఈ నవ్వు బెత్తం దెబ్బకంటే గట్టిది. దీనికి జడిసి ఆఖరి బెంచీలో నోరు మూసుకున్న పిల్లలు, మీటింగులో మైకు అందుకోవడానికి వెనకాడే ఆడవాళ్ళు ప్రతి వాడలోనూ ఉన్నారు.

అసలు తప్పెవరిది? లెక్క చూద్దాం.

చిన్నయసూరి బాలవ్యాకరణం పండితులు నెత్తిన పెట్టుకున్న పుస్తకం. అందులో సంస్కృతానికి 50 అక్షరాలు, తెలుగుకు 36. ఖ, ఘ, ధ, భ లాంటి ఒత్తక్షరాలు గానీ, శ, ష గానీ ఆ 36లో లేవు. అవి సంస్కృతం మాటలతోపాటు వచ్చినవి. 'బూమి' అన్న కూలితల్లి సంస్కృతం మాటను తెలుగు నోటితో పలికింది, అంతే. ఇక 'యాభై' సంగతి. పాత తెలుగులో అది 'ఏబది'. తొంభై 'తొంబది'. ఒత్తు తర్వాత వచ్చి చేరింది. మరి పాత పలుకుకు దగ్గరగా ఉన్నదెవరు?

ఇంకో చిత్రం. అదే బడిలో ప్రకృతి-వికృతి అని పాఠం చెబుతారు. ముఖం-మొగం, భాష-బాస, భిక్ష-బిచ్చం. పరీక్షలో రాస్తే మార్కు. నోటితో అంటే నవ్వు!

ఇది ప్రాంతాల గొడవేనని కొందరంటారు. అది సగం నిజం. వేపచెట్టును తెలంగాణలో, రాయలసీమలో 'యాపచెట్టు' అంటారు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో చదువుకున్నవాళ్ళ పలుకే పుస్తకాలకు, పేపర్లకు, రేడియోకు కొలత అయి కూచుంది. మిగతా ప్రాంతాల యాసను సినిమాలు చాలాకాలం జోకర్లకు, రౌడీలకు అంటగట్టాయి. తెలంగాణ దీనిమీద కొట్లాడింది. 2014 నుంచి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుగుతున్నది. మంచిదే. కానీ దొర 'యాప' అంటే అది యాస, కూలి 'యాప' అంటే మొరటు. మరి కృష్ణా జిల్లా మాదిగగూడెం సంగతేమిటి? కొలత అయిన జిల్లాలోనే పుట్టినా వాళ్ళ నోటికి గౌరవం దక్కలేదే! ఇక్కడ ప్రాంతం అడ్డం కాదు, కులం అడ్డం.

గిడుగు రామమూర్తి గ్రాంథికం మీద పోరాడాడు. సవరల భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకు పుస్తకాలు రాశాడు. ఆ మేలు మరవకూడదు. అయితే ఆ ఉద్యమం బడిలోకి తెచ్చింది శిష్ట వ్యావహారికాన్ని. శిష్టులంటే ఎవరు? చదువు ఎవరి చేతిలో ఉందో వాళ్ళు. మన మాట గడప బయటే ఆగింది.

'సరిగా పలకండి, గౌరవం అదే వస్తుంది' అని బుద్ధులు చెప్పేవాళ్ళున్నారు. 1941లో 'గబ్బిలం' రాసిన జాషువా పద్యంలో పలుకు తప్పని ఎవరనగలరు? అయినా ఆయన్ను అంటరానితనం వదిలిందా? నవ్వు పలుకు మీద కాదు, పలికిన మనిషి మీద.

నష్టం నవ్వుతో ఆగదు. పోలీసు స్టేషన్లో మనవాడు తన మాటలో చెబుతాడు, రాసేవాడు కాగితం మాటలో రాస్తాడు. కులం పేరెత్తి తిట్టిన తిట్టు జారిపోయి 'అసభ్యముగా దూషించెను' అన్న ముక్క మిగిలితే కేసు అక్కడే బలహీనపడుతుంది. 1989 అట్రాసిటీ చట్టానికి 2015లో సవరణ చేశారు. దాని ప్రకారం నోటితో ఇచ్చిన ఫిర్యాదును రాసుకున్నాక, సంతకానికి ముందే చదివి వినిపించడం 4వ సెక్షన్ కింద అధికారి బాధ్యత. కార్యకర్తలు ఇది అడిగి చేయించాలి. అన్న మాట అన్నట్టే రాయించాలి.

పిల్లలు భ, ధ రాయడం నేర్వాల్సిందే. పరీక్షకు, ఉద్యోగానికి అది పనిముట్టు. కానీ సిగ్గుపడి నేర్వొద్దు. ఇంట్లో అమ్మ మాటను చిన్నచూపు చూడొద్దు. నవ్వే పంతులును ప్రకృతి-వికృతి పాఠం మళ్ళీ చెప్పమని అడగండి. మన మీటింగుల్లో మన నోటితోనే మాట్లాడండి.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మన నోరు మంచిదే. మారాల్సింది ఊరు.