నాటికొక రికార్డు

మా యింటి గ్రామఫోను రికార్డుల పెట్టెలో ఉర్దూకొక అర, తెలుగుకొక అర లేవు. ఏనాటి రికార్డును ఆనాటి సందర్భమే నిర్ణయించవలెనన్నది మా నియమము. జూలై 31న, 1980లో ఆనాడు కన్నుమూసిన రఫీని వింటాము. ఫిబ్రవరి 11న, 1974లో ఆనాడు దివంగతుడైన ఘంటసాలను. ఇంట శుభకార్యమైనచో బిస్మిల్లాఖాన్ షెహనాయిని.

ఘంటసాల గానము చేసిన భగవద్గీత మా యింట మ్రోగగా విని ఒక బంధువు నొచ్చుకొన్నాడు. మేము వాదించలేదు, చెంత కూర్చుండబెట్టినాము. ఒకవైపు ముగియగానే రెండవవైపు త్రిప్పుమన్నాడు.

నేటి యంత్రము మనము నిన్న విన్నదానినిబట్టి నేటి పాటను అందిస్తున్నది. అందువలన అభిరుచి ఇరుకవుతున్నది. దినమును అనుసరించి ఎన్నుకొన్నప్పుడు మనము వెదకని గళము కూడ మన గడప తొక్కుతుంది. విద్యార్థులారా, పెద్దల పెట్టెను ఒకమారు తెరవండి. ఎన్నికను మాత్రము ఆనాటికే విడువండి.