అర్హతానిర్ణయము

నంద్యాలలో గాని ఆళ్లగడ్డలో గాని నేడు సచివాలయపు వాకిట నిలిచిన పేదవానికి "నీవు అర్హుడవు కావు" అని చెప్పువాడు మనుష్యుడు కాడు. యంత్రము చెప్పుచున్నది, బల్లయొద్ద కూర్చున్న ఉద్యోగి దానిని చదివి వినిపించుచున్నాడు. ఆ యంత్రము ఏ న్యాయమున నిర్ణయించుచున్నదో పఠనమందిరములలో పత్రిక చదువువారు తెలిసికొనవలసియున్నది. బియ్యపు కార్డు పోయిన యిరుగుపొరుగువారు కారణ మడుగుటకు వచ్చునది వీరియొద్దకే గదా.

తలుపు తెరచుటకు లోకమున మూడు పద్ధతులు కలవు. పట్టికలో పేరున్నవానిని రానిచ్చుట యొకటి. పదవినిబట్టి రానిచ్చుట రెండవది. మూడవది లక్షణములనుబట్టి రానిచ్చుట. అమెరికాదేశపు జాతీయ ప్రమాణముల సంస్థ 2014 జనవరిలో ఈ మూడవ పద్ధతిని గూర్చి యొక గ్రంథమే ప్రకటించినది. ఇందు పేరు ప్రధానము కాదు. అడుగువాని లక్షణము లేవి, అడుగబడిన వస్తు వెట్టిది, దానితో చేయదలచిన పని యేమి, వేళ యేది, స్థల మేది, అను వానినన్నిటిని వ్రాసియుంచిన నియమముతో సరిచూచి, సరిపోయిననే తలుపు తీయుదురు. ఆసుపత్రిలో వైద్యుడైనంతమాత్రమున ఏ రోగి కాగితములనైనను చూడరాదు. ఆ రోగికి చికిత్స చేయుచున్నవాడై, ఆ వేళ పనిలో నున్నవాడై యుండవలయును.

ఈ పద్ధతిని మేము నిందింపము. సిఫారసు చీటికన్న, మోతుబరి కటాక్షముకన్న వ్రాసియుంచిన నియమము వేయిరెట్లు మేలు. ఇది మనకు క్రొత్తయు కాదు. 1935 నాటి చట్టము క్రింద ఓటు కావలసినవానిని పరప్రభుత్వము పన్నెంత కట్టుదువు, చదువు వచ్చునా యని యడిగెను. మన రాజ్యాంగము 326వ అధికరణమున ఆస్తిని, చదువును త్రోసివేసి, వయస్సు చాలుననెను. ఆ వయస్సు మొదట 21, 1989 నుండి 18. దేవాలయపు గడపయొద్ద జన్మమునడిగెడి దురాచారమును మద్రాసు రాష్ట్రమున 1947 నాటి చట్టము నిషేధించెను. ఏ లక్షణము నడుగవలయును, ఏది యడుగరాదు అనునది ఎల్లప్పుడును ప్రజలు తేల్చుకొనవలసిన విషయమే.

ఇక మన సంగతి. ఆంధ్రప్రదేశమున 2019 తరువాత బియ్యపు కార్డులకును ఇతర పథకములకును ఏర్పడిన ఆరంచెల పరిశీలన ఈ జాతిదే. 2025లో తల్లికి వందనమునకును ఇంచుమించు ఈ ప్రమాణములనే పెట్టిరి. కుటుంబపు నెలసరి ఆదాయము పల్లెలో రు. 10,000, పట్టణమున రు. 12,000 మించరాదన్న పరిమితి యటుండగా, అంచె లివి: భూమి మాగాణియైన 3 ఎకరములు, మెట్టయైన 10 ఎకరములు, రెండును కలిసినను 10 ఎకరములు దాటరాదు, విద్యుత్తు నెలకు 300 యూనిట్లు మించరాదు, ఇంట ప్రభుత్వోద్యోగి గాని, ఉద్యోగపు పింఛను పొందువాడు గాని ఉండరాదు, పారిశుద్ధ్య కార్మికులకు మాత్రము మినహాయింపు, ఆదాయపు పన్ను కట్టువా డుండరాదు, టాక్సీ, ఆటో, ట్రాక్టరు తప్ప నాలుగు చక్రముల బండి యుండరాదు, పట్టణమున ఇల్లు 1,000 చదరపు అడుగులు దాటరాదు.

చదువుటకు ఈ నియమములు సబబుగనే యున్నవి. చిక్కు నియమములో లేదు, లక్షణములో నున్నది. యంత్రము పొలమును చూడదు, పొలమును గూర్చిన వ్రాతను చూచును. మన కర్నూలు-కడప కాలువ సంగతి తలపుడు. సుంకేసులయొద్ద తుంగభద్ర నీటిని మరల్చి, నంద్యాల, ఆళ్లగడ్డ సీమలను తడిపి కడప వరకు పోవు ఈ కాలువను కంపెనీవారు త్రవ్వగా 1882లో ప్రభుత్వము కొన్నది. దీని ఆయకట్టు 2.65 లక్షల ఎకరములు. తుంగభద్ర పారని యేట కాలువ చివరి రైతు గతి యేమో ఆళ్లగడ్డవారికి వేరుగ చెప్పనక్కరలేదు. నాలుగెకరముల ఆసామి పొలమున మన్ను నెరియలు వారినను, పుస్తకమున ఆ నాలుగెకరములును మాగాణియే. పదియెకరముల మెట్ట గలవాడు అర్హుడు. నీరు రాని నాలుగెకరముల మాగాణి గలవాడు అనర్హుడు! వ్రాత యేనాటిదో యంత్ర మడుగదు.

ఇంతకన్న ఘోరము, ఒకరి లక్షణము నొకరికి అంటగట్టుట. హైదరాబాదున కొలువు చేయుచు పన్ను కట్టు కుమారుని పేరు తల్లి కార్డులో మిగిలియున్నచో, ఆమెకు అతడు దమ్మిడీ పంపకున్నను, పన్ను కట్టు ఇల్లాలిగ ఆమెయే యెంచబడును. ఎప్పుడో అమ్మిన బండి క్రొత్త యజమాని పేరునకు మారకున్నచో అమ్మినవానికే కారున్నట్లు. పరుల మీటరునకు తన ఆధారు సంఖ్య తప్పుగ తగిలించబడినచో వారి దీపముల లెక్క తన నెత్తిన పడును.

పొరుగున తెలంగాణమున నేమి జరిగినది? అక్కడ 2016 నుండి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికి పోయి మరల విచారింపుడని సుప్రీంకోర్టు 2022 ఏప్రిలులో ఆదేశింపవలసివచ్చెను. ఆ యేడు జూలై నాటికి పరిశీలించిన 2,05,734 అర్జీలలో 15,471 అర్హమైనవని తేలెను. శాఖల లెక్కలను కూర్చి చూచు 'సమగ్ర వేదిక' పేరు పోలికచేత కారు లేని కుటుంబమునకు కారున్నదని తేల్చిన సంగతియు 2024లో పత్రికల కెక్కెను. శాతమున చూచిన స్వల్పమే యనువారు కలరు. వారి పొయ్యి యెన్నడును ఆరియుండదు.

మన సచివాలయములలో అర్హుల, అనర్హుల పట్టికలను గోడకు అంటించు ఏర్పాటు మెచ్చదగినదే. కాని లెక్క తప్పని నిరూపించు భారము కూలివానిపై పడుచున్నది. ఒక శాఖ చేసిన తప్పునకు అతడు కూలి మానుకొని, ఆళ్లగడ్డనుండి సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న నంద్యాలకు, జిల్లా కార్యాలయములచుట్టు ఏల తిరుగవలయును? "అనర్హుడు" అను మాటతో సరిపెట్టక, ఏ లక్షణమున, ఏ శాఖ పుస్తకమునుబట్టి, ఏ తేది వ్రాతనుబట్టి కాదనిరో తెలుగున కాగితముపై వ్రాసి యీయవలయును. తప్పు వ్రాసిన శాఖయే అర్జీ నందుకొని తప్పు దిద్దవలయును. నంద్యాల జిల్లా యేర్పడినది 2022 ఏప్రిలు 4న. కార్యాలయము ప్రజలకు చేరువ కావలెననియే గదా జిల్లాలను చీల్చిరి.

అన్నిటికన్న ముఖ్యముగ, దిద్దుబాటు తేలువరకు అదివరకు ఇచ్చుచున్న బియ్యమును ఆపరాదు. 2025 జూను నుండి మన చౌకదుకాణములు నెలలో 1వ తేది మొదలు 15వ తేది వరకే సరకులిచ్చుచున్నవి. అర్జీ ఒక బల్లనుండి మరియొక బల్లకు పోవునంతలో ఆ గడువు దాటిపోవును.