కాల్చని ఇటుక

కోదాడ దగ్గర మేళ్లచెరువు, మఠంపల్లి వైపు ఉన్నవారికి సిమెంటు సంగతి మేము చెప్పనక్కరలేదు. సున్నపురాయిని సుమారు 1450 డిగ్రీల వేడిలో కాలుస్తారు. బొగ్గు పొగ అందరికీ తెలిసిందే. అయితే ఆ వేడికి రాయిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ కూడా విడిపోయి గాలిలో కలుస్తుంది. బొగ్గు మానినా అది ఆగదు. ప్రపంచంలో మనుషుల వలన వెలువడే ఈ వాయువులో సుమారు 7, 8 శాతం సిమెంటు నుండి వచ్చేదే.

ఆ సున్నపురాయినే నిప్పు లేకుండా తయారుచేసే సూక్ష్మజీవి ఒకటి మట్టిలో ఉంది. పేరు స్పోరోసార్సినా పాశ్చురీ. దానికి యూరియా, కాల్షియం అందిస్తే ఇసుక రేణువుల మధ్య సున్నపురాయి పేరుకొని అవి అతుక్కుపోతాయి. బెంగుళూరు ఐ.ఐ.ఎస్.సి. శాస్త్రజ్ఞులు 2020లో ఇస్రోతో కలిసి, చంద్రుని మట్టిని పోలిన పొడితో ఇలాగే ఇటుకలు చేశారు. అందులో కలిపిన జిగురు మన పెరటి గోరుచిక్కుడు గింజలది!

యూరియా అనగానే రైతు సోదరులు నవ్వవచ్చు. వరికి ఒక్క బస్తా కోసం వరుసలో నిలబడేవారికి ఇటుకల్లో యూరియా అంటే ఒళ్లు మండదా? న్యాయమే. పైగా ఈ పద్ధతిలో అమ్మోనియా వెలువడుతుంది. దానిని పట్టి ఎరువుగా మార్చకపోతే ఒక కీడు పోయి మరొకటి వచ్చినట్టే. కేప్ టౌన్ విశ్వవిద్యాలయం వారు 2018లో కొన్న యూరియాకు బదులు మనిషి మూత్రంతోనే ఇటుక చేసి చూపారు.

మనకు దగ్గరి దారి గడ్డిలో ఉందని మాకు తోస్తుంది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి. హైదరాబాద్‌లో 2021లో ఒక కాపలా గదిని పంట వ్యర్థాల ఇటుకలతో కట్టారు. వరిగడ్డి వంటివాటిని తరిగి, సున్నం కలిపి, అచ్చుపోసి ఆరబెట్టడమే, బట్టీ లేదు. పైరు పెరుగుతూ పీల్చుకున్న కార్బన్ గోడలో నిలిచిపోతుంది. పొలంలో తగలబెడితే అదంతా పొగే. సున్నం మాత్రం కాల్చినదేనని మరువరాదు. ఈ ఇటుక తేలిక, ఎండవేడిని ఆపుతుంది, కాని బరువు మోయదు. అందుకే ఆ గదికి ఇనుప చట్రం వేశారు.

మిర్యాలగూడ మిల్లుల ఊకను కూడా తీసివేయలేము. సరిగా కాల్చిన ఊక బూడిదలో సిలికా మెండు; కొంత సిమెంటుకు బదులు వాడవచ్చు. ఊకలో శిలీంధ్రాన్ని పెంచి తేలికైన పలకలు చేసేవారూ ఉన్నారు.

ఈ ఏడే సూర్యాపేటలో ఇల్లు మొదలుపెట్టేవారు వీటికోసం ఆగనక్కరలేదు. స్లాబుకు, పిల్లర్లకు సిమెంటు తప్పదు. బస్తా మీద పి.పి.సి. అని ఉందేమో చూడండి: అందులో 15 నుండి 35 శాతం బూడిదే. మీ పనికి అది సరిపోతుందో లేదో మేస్త్రీని, ఇంజనీరును ముందే అడగండి. నీళ్లు పట్టడం మాత్రం తగ్గించవద్దు.