గరిటె ఎవరి చేతిలో ఉంది?



కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. క్రిస్మస్ దగ్గర పడుతోంది. ఏజెన్సీ ఊళ్ళల్లో చర్చిలకు రంగులు పడుతున్నాయి, ఇళ్ళ మీద నక్షత్రాలు లేస్తున్నాయి, దుప్పట్ల మూటలు దిగుతున్నాయి. పండగ పూట ఈ గొడవ ఎందుకని కొందరికి అనిపించొచ్చు. ఇప్పుడే మాట్లాడాలి, ఎందుకంటే లిస్టులు రాసేది ఇప్పుడే.

ఏం లిస్టులు? దుప్పట్లు ఎవరికి, హాస్టల్లో సీటు ఎవరి పిల్లకి, నర్సింగ్ చదువుకి సాయం ఎవరికి, బైబిల్ ట్రైనింగుకి ఎవర్ని పంపాలి, సంఘం కమిటీలో ఎవరుండాలి. మా ఊళ్ళల్లో మేం చూస్తున్నది చెప్తున్నాం. దుప్పట్ల లిస్టులో మనవాళ్ళ పేర్లుంటాయి, కమిటీ లిస్టులో ఉండవు. బయట దేశం నుంచి అతిథులొస్తే థింసా ఆడడానికి మన అక్కచెల్లెళ్ళు కావాలి. అతిథులు వెళ్ళాక జరిగే మీటింగుకి వాళ్ళు అక్కర్లేదు. ముందు వరస కుర్చీలు మైదానం నుంచి వచ్చి స్థిరపడ్డ ఉద్యోగులకీ కాంట్రాక్టర్లకీ. కానుకల సంచి మాత్రం వెనక చాప మీద కూర్చున్నవాళ్ళ దగ్గరికీ తప్పకుండా వస్తుంది. చదువు సాయానికి పది మంది పేర్లు పంపమంటే, అందులో అయ్యగారి బంధువుల అబ్బాయి పేరు ముందుంటుంది. ఫొటోకి మాత్రం చెప్పుల్లేని మన పిల్లాణ్ణి నిలబెడతారు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని సామెత. సరే, వడ్డించేవాడు మనవాడు కానప్పుడు కడబంతిలో కూర్చున్నవాడి గతేమిటి?

ఇది అడిగితే వచ్చే మొదటి జవాబు మనందరికీ తెలుసు. "సణుగుడు పాపం. దైవసేవకుడి మీద నోరు జారకూడదు. ప్రార్థన చేసుకోండి." చెప్పేవాళ్ళు అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం ఒకసారి తెరిచి చూడాలి. అక్కడా సణుగుడే. యెరూషలేములో మొదటి సంఘం రోజూ విధవరాళ్ళకు భోజనం పంచుతోంది. ఆ పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్ళను పక్కనపెడుతున్నారని గొడవొచ్చింది. భాష వేరైనవాళ్ళకి గిన్నె అందలేదు. క్రైస్తవ సంఘం లోపల పక్షపాతం మీద ఫిర్యాదు రావడం ఈ రోజు కొత్తగా మొదలైంది కాదన్నమాట.

అపొస్తలులు ఏం చేశారు? నోరు మూసుకోమనలేదు. అందర్నీ పిలిచి, ఏడుగురిని మీరే ఎంచుకోండి, పంపకం వాళ్ళకి అప్పగిస్తాం అన్నారు. ఆ ఏడుగురు స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఎవరి విధవరాళ్ళకి అందలేదో వాళ్ళ మనుషుల చేతికే గరిటె ఇచ్చారని చాలామంది పండితులు దీన్ని చదువుతారు. మేం అడుగుతున్నది కూడా అదే. ఇంకో రెండు దుప్పట్లు ఎక్కువ వెయ్యమని కాదు, గరిటె ఇమ్మని.

కుర్చీల సంగతి కూడా ఆ గ్రంథంలోనే ఉంది. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాణ్ణి కాళ్ళ దగ్గర కూర్చోమనడం గురించి యాకోబు పత్రిక రెండో అధ్యాయం గట్టిగానే మందలిస్తుంది. కాబట్టి ఇదేదో బయటివాళ్ళు నేర్పిన మాటని మా మీద వెయ్యకండి.

మన దగ్గరి చరిత్ర కూడా ఒకటి గుర్తు చేసుకుందాం. మన డోర్నకల్‌కి 1912లో బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో, ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో ఆయన తెల్లదొరల ముందే నిలబడి మాట్లాడాడు. మీరు త్యాగాలు చేశారు, ఒప్పుకుంటాం, కానీ మమ్మల్ని స్నేహితులుగా చూడలేదు, అది కావాలి అని ఆయన మాట సారాంశం. ఆ రోజు చాలామందికి కోపం వచ్చింది. ఈ రోజు అదే మాటని గొప్పగా తలుచుకుంటారు. మైదానం నుంచి వచ్చిన పెద్దలను మేం అడుగుతున్న ప్రశ్న అజరయ్య తెల్లదొరలను అడిగిన ప్రశ్నే.

ఇది ఒక్క ఏజెన్సీ సంగతి కాదు, ఒక్క శాఖ సంగతీ కాదు. భారత కాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016లో దళితుల విషయంలో ఒక విధానపత్రం తెచ్చి, చర్చి లోపల వివక్ష ఉందని తనే ఒప్పుకుంది. రాంచీ ఆర్చిబిషప్ టెలెస్ఫోర్ టొప్పో 2003లో కార్డినల్ అయ్యేదాకా మన దేశంలో ఒక్క ఆదివాసీకి కూడా ఆ పదవి రాలేదు. హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ 2022లో కార్డినల్ అయ్యేదాకా ఒక్క దళితుడికీ రాలేదు. పైన ఒకరిద్దరు కూర్చోవడం సంతోషమే. కింద మన ఊరి కమిటీ మారకపోతే మన అవ్వకి ఒరిగేదేం లేదు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. మన ఊళ్ళకొచ్చే పాస్టర్లలో చాలామంది దళిత కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు. అంటరానితనం అంటే ఏంటో వాళ్ళకి మనం చెప్పక్కర్లేదు. 1950 నాటి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకి ఎస్సీ హోదా లేదు. ఆ అన్యాయం మీద వాళ్ళు పోరాడితే మేం వాళ్ళ పక్కనే నిలబడతాం. అందుకే మాకు బాధ ఎక్కువ. ఊరి బయట నిలబెట్టిన బాధ తెలిసినవాళ్ళు, కువి మాట్లాడే అవ్వ ప్రార్థన చేస్తుంటే ఎలా నవ్వగలుగుతున్నారు?

ఇంకో వైపు నుంచి కూడా మాటలొస్తాయి. "చూశారా, మతం మారితే ఇంతే. వీళ్ళని ఎస్టీ జాబితా నుంచి తీసెయ్యాలి" అనేవాళ్ళు కాచుకుని ఉంటారు. వాళ్ళకీ స్పష్టంగా చెప్తున్నాం. ఎస్టీ హోదాకి మతంతో ముడి రాజ్యాంగ ఉత్తర్వులో లేదు. మనం ఆదివాసీలం అయింది పుట్టుకతో, తెగతో. చర్చికి వెళ్ళే తమ్ముడూ, జాకరమ్మకి మొక్కే అన్నా ఒకే గడప పిల్లలు. చర్చిలో న్యాయం అడుగుతున్నామంటే మన హక్కులు ఎవరికో రాసిచ్చామని కాదు.

అయితే అడగాల్సిందేంటి? నాలుగే.

ఒకటి, సాయం లిస్టు ఏదైనా సరే, పంపే ముందు ఆదివారం ఆరాధనలో గట్టిగా చదవాలి. ఫలానా పేరు ఎందుకుందో, ఫలానా పేరు ఎందుకు లేదో అడిగే వీలుండాలి.

రెండు, లిస్టు రాసే కమిటీలో సగం మంది ఆ ఊరి ఆదివాసీలే ఉండాలి, అందులో ఆడవాళ్ళుండాలి. గదబ, పోర్జ లాంటి చిన్న తెగలవాళ్ళని మన పెద్ద తెగలు మింగెయ్యకుండా చూడాలి. పక్షపాతం మనలో మనకి కూడా అంటుకునే జబ్బే.

మూడు, తన పిల్లల పేరో బంధువుల పేరో చర్చకు వస్తే, ఆ పెద్ద లేచి బయటికి వెళ్ళాలి.

నాలుగు, ఏడాదికొకసారి లెక్కలు మన భాషలో చెప్పాలి. చదువురాని అవ్వకి అర్థమయ్యేలా చెప్పలేని లెక్క లెక్క కాదు.

వీటిలో ఏ ఒక్కటీ విశ్వాసానికి అడ్డు రాదు. పైసా ఖర్చు కూడా కాదు. పోయేది ఎవరి పెత్తనమో వాళ్ళకి మాత్రమే ఇబ్బంది.

మిత్రులారా, సెలవులకి ఇళ్ళకి వెళ్తున్నారు కదా. చర్చికి వెళ్ళేవాళ్ళు ఈసారి పాట అయ్యాక, భోజనాలకి ముందు, మర్యాదగా లేచి ఒక్క ప్రశ్న అడగండి: "అయ్యగారూ, ఈ లిస్టు ఎవరు రాశారు?" ఒక్కరు అడిగితే సణుగుడంటారు. ప్రతి ఊళ్ళో ఒకరు అడిగితే ఆరో అధ్యాయం అవుతుంది.

జై ఆదివాసీ.